మావాడు మెజీషియన్ అవుతానంటున్నాడు, షాపు పెట్టించమంటారా?

ప్రశ్న: మాది కావలి. బస్టాండు దగ్గర ఫ్యాన్సీ, స్టేషనరీ షాపు ఉంది. మా అబ్బాయి నెల్లూరులో బీకాం రెండో సంవత్సరం. యూట్యూబ్ చూసి మ్యాజిక్ నేర్చుకున్నాడు. బంధువుల ఇళ్లలో పుట్టినరోజులకు మూడు షోలు చేస్తే 3,000 చొప్పున ఇచ్చారు. ఇప్పుడు చదువు ఆపేసి మెజీషియన్ అవుతాడట. నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర సందులో 9,000 అద్దెకు గది చూశాడు. మ్యాజిక్ సామాన్ల షాపుకి 5 లక్షలు పెట్టమని పట్టుబట్టాడు. వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: చదువు ఆపనివ్వకండి, గది తీసుకోనివ్వకండి. మ్యాజిక్ మాత్రం మానిపించకండి. ముందు షాపు సంగతి చూద్దాం, డబ్బు పోయేది అక్కడే కాబట్టి.

మీరు వ్యాపారం చేసేవారు, లెక్కలు మీకు ఒకరు చెప్పక్కర్లేదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు కొనేవి పేక దస్తాలు, స్పాంజి బంతులు, సిల్కు రుమాళ్లు, తాళ్లు, రింగులు. ఒక్కో బేరం మీద 100 రూపాయలు మిగిలిందనుకున్నా, అద్దె కట్టడానికే నెలకు 90 మంది కొనాలి. కరెంటు బిల్లు, మీవాడి తిండి ఆ తర్వాత. సెలవుల్లో అయితే వస్తారు, బళ్లు తెరిచాక ఎవరొస్తారు? నోటుపుస్తకం అయిపోతే ఆ పిల్లాడు మళ్లీ మీ కొట్టుకే వస్తాడు. రింగుల సెట్టు అరిగేదీ కాదు, అయిపోయేదీ కాదు.

పైగా ఈ వ్యాపారంలో ధరంతా గుట్టుకే. షాపువాడు కౌంటర్ మీద రూపాయి బిళ్లను మాయం చేసి చూపిస్తాడు. కుర్రాడు నోరు తెరిచి చూసి డబ్బు కడతాడు. ప్యాకెట్ విప్పి గుట్టు చెప్పగానే మొహం వాడిపోతుంది. "ఓస్, ఇంతేనా?" అంటాడు. ఏ మ్యాజిక్ షాపులోనైనా ఇది మామూలే. అందుకే అమ్మిన సరుకు వెనక్కి తీసుకోరు, గుట్టు తెలిసిపోయింది కదా! తెలివైన షాపువాడి పని అక్కడే మొదలవుతుంది. స్టూలు లాగి కూర్చోబెట్టి, వేళ్లు ఎంత వదులుగా ఉంచాలో, తన చూపు ఏ చేతి మీద ఉండాలో, సరిగ్గా ఆ క్షణంలో ఏం మాట్లాడాలో నేర్పిస్తాడు. ఆ కుర్రాడు ఇంటికెళ్లి చెల్లెల్ని బోల్తా కొట్టించగలిగితే వచ్చే ఆదివారం మళ్లీ వస్తాడు. లేదంటే సామాను అటకెక్కుతుంది. ఇలా నేర్పే ఓపిక మీవాడికి ఉందా? స్టేజీ మీద వెలిగేవాళ్లందరికీ ఉండదు.

అది తేల్చుకోవడానికి 5 లక్షలు అక్కర్లేదు. మీ కొట్టులోనే ఒక గాజు అర ఖాళీ చేసివ్వండి. కొద్దిపాటి సరుకు తెప్పించుకుని, ఆదివారాలు పిల్లలకు నేర్పిస్తూ అమ్మనివ్వండి. మీ డబ్బు వద్దు, తన పేరు మీదే చేస్తానంటే ముద్రా పథకంలో 'శిశు' అనే చిన్న వ్యాపార రుణం 50,000 దాకా ఉంది. ఒక్క వస్తువు మాత్రం ఆ అరలోకి రానివ్వకండి: ఫ్లాష్ పేపర్. అది నైట్రోసెల్యులోజు, నిప్పు తగిలితే క్షణంలో భగ్గుమంటుంది. కాగితాల కొట్టులో ఉండాల్సిన సరుకు కాదు.

ఇక షోలు. బంధువులిచ్చిన 3,000ను సంపాదన కింద రాసుకోకండి, అవి చదివింపులు. కల్యాణ మండపంలో సంగతి వేరు. ఒకవైపు డీజే మోత, ఇంకోవైపు బంతి భోజనాలు. పిల్లలు మెట్లెక్కి వెనకనుంచి తొంగిచూస్తుంటారు. మూడో వరస వాళ్లకే పేకముక్క కనపడదు. మీవాడు నేర్చుకున్నదంతా ఒక్క కెమెరా కోసం, ఒక్క కోణం నుంచి చేసింది. మండపంలో తాళ్లు, రింగులు, పెద్ద రుమాళ్లు కావాలి. అన్నిటికన్నా నోరు కావాలి. "చొక్కా చేతుల్లో దాచావులే" అని అరిచే మేనమామను నవ్వించి తనవైపు తిప్పుకోవాలి.

బెంగాలీ మెజీషియన్ పి.సి. సర్కార్ సంగతే చూడండి. 1956లో బీబీసీ టీవీలో అమ్మాయిని రంపంతో కోసే ఐటమ్ చేశారు. ఆమె లేవకముందే కార్యక్రమం ముగిసిపోయింది. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం టీవీ స్టేషన్‌కు ఒకటే ఫోన్లు. రంపం ఐటమ్ అప్పటికి పాతదే, లండన్‌లోనే సెల్బిట్ అనే మెజీషియన్ 1921లో చేశాడు. సర్కార్ పేరు మోగిపోయింది మాత్రం దాన్ని నడిపించిన తీరువల్ల.

రాబడి నెలనెలా ఒకేలా ఉండదు. నవంబరు 14 బాలల దినోత్సవం, ఆ తర్వాత స్కూళ్ల వార్షికోత్సవాలు, ముహూర్తాలున్నప్పుడు రిసెప్షన్లు, వేసవిలో క్యాంపులు. ఆషాఢం, మూఢం వస్తే ఫోన్ మోగదు. ఈవెంట్ వాళ్ల కింద చేస్తే వాళ్ల కమీషన్ పోగా మిగిలినదానికి మళ్లీ తిరగాలి. సగం డబ్బు అడ్వాన్సుగా అడగడానికి మొహమాటపడేవాడు ఈ పనిలో నిలవడు. నేనైతే చేతివేగం కన్నా ముందు ఇదే చూస్తాను.

స్కూళ్లలో ఇంకో దారి ఉంది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు బాబాల మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు ఏళ్లుగా ఇస్తున్నారు. పసుపు, సున్నం కలిస్తే ఎరుపెందుకో చెప్పే మ్యాజిక్‌కు హెడ్మాస్టర్లు సులువుగా ఒప్పుకుంటారు. మీవాడు వాళ్లను కలిస్తే మంచిది. అటు మహిమలున్నాయని చెప్పుకుని తాయెత్తుతో రోగం తగ్గిస్తానని ప్రకటన ఇస్తే 1954 నాటి చట్టం కింద కేసవుతుంది. టోపీలోంచి రామచిలుకను తీసే ఆలోచన ఉంటే అదీ మానుకోమనండి, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

నేర్చుకోవడానికి యూట్యూబ్ చాలదు. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయంలో ఇంద్రజాలం డిప్లొమా ఉండేది. ఇప్పుడు అడ్మిషన్లు ఉన్నాయేమో కనుక్కోండి. తిరువనంతపురంలో కేరళ మెజీషియన్ గోపీనాథ్ ముతుకాడ్ పెట్టిన మ్యాజిక్ అకాడమీ ఉంది. డిగ్రీ ఎందుకని మీవాడు అడిగితే బి.వి. పట్టాభిరామ్ గారిని గుర్తుచెయ్యండి. మ్యాజిక్‌తో పేరు తెచ్చుకుని, హిప్నాటిజం, ఆపైన సైకాలజీ, వ్యక్తిత్వ వికాసం దాకా వెళ్లారు. చదువే లేకపోతే ఆ దారులు తెరుచుకునేవి కావు.

కాబట్టి బీకాం అయ్యేదాకా మీవాడికి ఒకటే పని పెట్టండి. చుట్టరికం లేని వాళ్ల దగ్గర, అడ్వాన్సు తీసుకుని, పది షోలు చెయ్యాలి. దారిఖర్చులు, సామాను, సాయం వచ్చిన కుర్రాడికిచ్చింది, చేతిలో మిగిలింది, అన్నీ ఒక పుస్తకంలో రాయాలి. బీకాం కుర్రాడికి అదేం కష్టం కాదు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని మీరిద్దరూ షాపు గురించి మళ్లీ కూర్చోండి, వాళ్లమ్మను కూడా కూర్చోబెట్టుకోండి. ఈలోగా ఆ గది యజమానికి ఈ వారమే వద్దని చెప్పేయండి. ఒకసారి అడ్వాన్సు చేతులు మారితే వెనక్కి రాబట్టడం కష్టం.