గురువు గారి దగ్గరున్న తాళంచెవి

ప్రశ్న: టీవీ సీరియల్ రాస్తున్నాను. నాయిక తిరుపతిలో కొత్తగా చేరిన ఎస్‌ఐ. ఆమెను తీర్చిదిద్దిన రిటైర్డ్ సీఐ పాత్ర ఒకటుంది. ఒంటిచేత్తో నలుగుర్ని పడగొట్టే ఈ అమ్మాయి, ఆయన ఎదురుగా ఉంటే చప్పబడిపోతోంది. ఆయన పాత్ర తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తీసేయకండి. చాలామంది ఇలాంటప్పుడు ఇంకో ఫైటు కలుపుతారు. దానివల్ల ఏమీ మారదు. కండబలం ఎవరిదైనా, ఏ సంగతి ఎప్పుడు బయటపెట్టాలో తేల్చేవాడిదే పెత్తనం.

ఇద్దరూ కలిసి ఉన్న సీన్లు పది తీసి, ఒక్కోదానికి మూడు గడులు గీయండి. కొత్త సమాచారం ఎవరి నోట వచ్చింది? చివరి నిర్ణయం ఎవరిది? అది బెడిసికొడితే నష్టం ఎవరికి? మొదటి రెండు గడుల్లో ఆయన పేరు, మూడోదాంట్లో ఆమె పేరు ఉన్న సీన్లు సగం దాటితే, ఆమె ఆయన చేతి లాఠీగా మిగిలినట్టే.

సరిదిద్దే దారి మీ కథలోనే ఉంది. కేస్ డైరీ దర్యాప్తు అధికారి రాసేది. రిటైరైన మనిషికి దాన్ని తిరగేసే హక్కు లేదు. పాత నేరస్థుల ముఖాలు, ఇన్‌ఫార్మర్ల పేర్లు ఆయనకు గుర్తుండొచ్చు, కానీ ఈ కేసులో ఏం జరుగుతోందో తెలియాలంటే ఆమెనే అడగాలి. ఆ అడిగే సీను రాయండి. ఆమె చెప్పకపోవడం కూడా రాయండి.

మంచి గురువు ఎక్కడ తప్పు చేస్తాడో చూడాలంటే అమెరికన్ సీరియల్ ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’లో 1999లో వచ్చిన ఒక ఎపిసోడ్ చూడండి. బఫీ అసాధారణ బలంతో రక్తపిశాచాల్ని వేటాడే అమ్మాయి. ఆమె శిక్షకుడు జైల్స్, స్కూల్లో లైబ్రేరియన్. ఆమెకు 18 ఏళ్లు నిండే వేళ, శిక్షకుల మీద అజమాయిషీ చేసే మండలి ఆదేశంతో, ఒక స్ఫటికం వైపు తదేకంగా చూడమంటాడు. ఆమె మైకంలో ఉండగా చేతికి సూది పొడుస్తాడు. బలం పోతోంది, ఎందుకో ఆమెకు తెలియదు. ఆయన ప్రేమ నిజమే, అయినా ఆమె ఒంటి గురించిన నిజం ఆయన దగ్గరే ఉండిపోయింది. చివరికి తనే ఒప్పుకుంటాడు, మండలి ఆయన్ని పనిలోంచి తీసేస్తుంది. 2001లో వచ్చిన మరో ఎపిసోడ్‌లో బఫీ ఆ మండలినే నిలదీసి, జైల్స్‌ను బకాయి జీతంతో సహా తిరిగి తీసుకోమంటుంది. గురువు కొలువు శిష్యురాలి మాటతో నిలబడింది! ఆయన్ని చంపకుండా, దుర్మార్గుణ్ని చేయకుండా బలాబలాలు తిరగరాయడమంటే ఇదీ. మీ సీఐ కూడా ‘నీ మంచికే’ అంటూ ఒక నిజం దాచాలి. అది బయటపడ్డప్పుడు ఆమెకు పేజీ డైలాగు అక్కర్లేదు. “సార్, ఇది మీకు ముందే తెలుసా?” చాలు.

గురువు లేని ఎపిసోడ్లూ కొన్ని ఉండాలి. మన తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథలో పెంచినవాళ్లున్నారు కానీ దారి చెప్పిన గురువు లేడు. ఆడవాళ్లను వేధించి, ఆమెకు భయపడి దాక్కున్న పాలెగాడి కోసం ఏ రోజు ఏ వేషం కట్టాలో గంగమ్మే తేల్చుకుంది, దొర వేషంలో వాణ్ని పట్టి చంపింది. మీ ఊరి జాతరలో ఏటా చూసేదే, అక్కణ్నుంచే నేర్చుకోండి.

ప్రశ్న: సీరియల్ రచనా బృందంలో జీతం లేకుండా పని నేర్చుకుంటున్నాను. ‘నిన్ను రైటర్ని చేసేది నేనే’ అనే సీనియర్ అసభ్యంగా మెసేజీలు పెడుతున్నారు, ఒంటరిగా రమ్మంటున్నారు. రాకపోతే టైటిల్స్‌లో పేరు పడదట. జీతం లేనిదానివి, ఫిర్యాదేమిటి అంటున్నారు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఆయన చెప్పింది తప్పు. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం జీతం లేనివాళ్లకూ, ట్రైనీలకూ వర్తిస్తుంది. సంస్థలో పదిమంది, అంతకు మించి ఉంటే అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. అంతకంటే తక్కువమందైనా, కమిటీయే వేయకపోయినా, జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వండి. తిరుపతి 2022లో వేరే జిల్లా అయింది కాబట్టి, మీరు పనిచేసే చోటు ఏ జిల్లాలోకి వస్తుందో ముందు చూసుకోండి.

చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా, ఆరు ప్రతులు, సాక్షుల పేర్లు, చిరునామాలతో ఇవ్వాలి. సరైన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించగలదు. చాలామంది అసహ్యమేసి మెసేజీలు చెరిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, మీరు నమ్మే మరొకరి దగ్గర కూడా ఉంచండి.

విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా మీ పని మీద ఆయన రిపోర్టు రాయకుండా ఆపి, ఆ బాధ్యత వేరొకరికి అప్పగించమని కమిటీ సంస్థకు సిఫారసు చేయవచ్చు. అది దానంతటది జరగదు, రాసి అడగాలి. ఫిర్యాదుతోపాటే ఆ కాగితం కూడా ఇవ్వండి.