ఇటలీ ఏకీకరణ ప్రజలు కోరి తెచ్చుకున్నదా, లేక పీడ్మాంట్ రాజ్యం మిగతావాటిని కలిపేసుకున్నదా?

మీ ప్రశ్న చదవగానే మా పదో తరగతి సోషల్ మాస్టారు గుర్తుకొచ్చారు. "ఇటలీకి మాజినీ హృదయం, కవూర్ మెదడు, గారిబాల్డీ ఖడ్గం" అని మొదలుపెడితే ఐదు మార్కుల ప్రశ్నలో రెండు మార్కులు అక్కడే వచ్చేస్తాయని ఆయన నమ్మకం. బట్టీ పట్టాం, రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. పదేళ్ళ తర్వాత పై చదువు కోసం ఇటలీలోని టురిన్ నగరానికి వెళ్ళి, ఆరేళ్ళు అక్కడే ఉండిపోయాను. ఈ హృదయం, మెదడు, ఖడ్గం ఒకే ఒంట్లో ఇమిడిన రోజంటూ లేదని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆ ఊళ్ళో కవూర్ వీధి, మాజినీ వీధి సమాంతరంగా సాగుతాయి, ఎక్కడా కలవవు. పేర్లు పెట్టినవాళ్ళకు ఆ ఉద్దేశం లేదేమో గానీ, అంతకన్నా సరిగ్గా ఎవరూ పెట్టలేరు.

నేను చరిత్రకారుణ్ణి కాను, చదివింది ఇంజనీరింగు. ఆ ఊరు, అక్కడ నేను అద్దెకున్న ఇల్లు నాకు పట్టించిన పిచ్చి ఇది. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే మీ ప్రశ్నలోని రెండో సగానికే నా ఓటు. అయితే మొదటి సగాన్ని కొట్టిపారేయలేను.

1815లో వియన్నా సమావేశం ముగిసేసరికి ఇటలీ ఏడెనిమిది ముక్కలు. లొంబార్డీ, వెనీషియా ఆస్ట్రియా చేతిలో, నడుమ పోప్ రాజ్యం, కింద నేపుల్స్, సిసిలీలు బూర్బన్ రాజుల చేతిలో, పైన వాయవ్యంలో టురిన్ రాజధానిగా సార్డీనియా రాజ్యం. ఈ చివరిదాన్నే అందరూ పీడ్మాంట్ అంటారు. ఇటలీ అన్నది ఒక భౌగోళిక నామం మాత్రమేనని ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ తీసిపారేసింది ఈ పటాన్ని చూసే.

మాజినీ 1831లో యువ ఇటలీ సంఘం పెట్టాడు. ఆయనకు కావలసింది రాజు లేని గణతంత్రం. పీడ్మాంట్ ప్రభుత్వం ఆయనకు 1833లో, గారిబాల్డీకి మరుసటి ఏడాది, ఇద్దరూ చేతికి చిక్కకుండానే మరణశిక్ష వేసింది. అంటే మన పాఠంలోని హృదయానికీ ఖడ్గానికీ ఉరి రాసిపెట్టిన రాజ్యానికే మెదడుగారు 1852లో ప్రధాని అయ్యారు. ఈ ముక్క మా పుస్తకంలో లేదు. మాజినీ చివరికి 1872లో, తాను కలగన్న ఏకమైన ఇటలీలోనే, పీసా పట్టణంలో మారుపేరుతో ఒకరింట తలదాచుకుని చనిపోయాడు.

కవూర్ లెక్కల మనిషి. లండన్, పారిస్ బాగా తెలుసు, నేపుల్స్ వైపు ఎన్నడూ వెళ్ళలేదు. రాజుతోనూ సహచరులతోనూ ఎక్కువగా ఫ్రెంచిలోనే వ్యవహారం. మొదట్లో ఆయన లక్ష్యం ఉత్తరాది నుంచి ఆస్ట్రియాను వెళ్ళగొట్టడమే. 1858 జులైలో ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్‌ను ప్లాంబియేర్‌లో రహస్యంగా కలిసి, ఆస్ట్రియా మీద యుద్ధానికి సాయం తెచ్చుకున్నాడు. బదులుగా సవాయ్, నీస్ ప్రాంతాలు 1860లో ఫ్రాన్సుకు వెళ్ళాయి. ఆ నీస్ గారిబాల్డీ పుట్టిన ఊరు. సొంత ఊరిని పరదేశం పాలు చేసిన పెద్దమనిషిని గారిబాల్డీ ఎన్నటికీ క్షమించలేదు. (1859 జూన్‌లో సోల్ఫెరీనో దగ్గర జరిగిన యుద్ధంలో గాయపడినవాళ్ళ దుస్థితి చూసే హెన్రీ డ్యూనాంట్‌కు రెడ్‌క్రాస్ ఆలోచన వచ్చింది. మన ఊళ్ళ రక్తనిధులకు కూడా మూలం వెతుక్కుంటూ పోతే అక్కడ తేలతాం.)

ఇక 1860 మే. వెయ్యిమంది చిల్లరతో, ఎర్ర చొక్కాలతో గారిబాల్డీ జెనోవా దగ్గర ఓడలెక్కి సిసిలీలో మర్సాలా రేవున దిగాడు. నాలుగు నెలల్లో, సెప్టెంబరు 7న, నేపుల్స్ నగరంలోకి ప్రవేశించాడు. కథ వరకూ ఇది సినిమాకు పనికొస్తుంది. నడుమ బ్రాంటే అనే ఊరు వస్తుంది చూడండి, అక్కడే నాకు గొంతులో ముల్లు పడుతుంది. జూన్‌లో గారిబాల్డీ భూమి పంచుతానని ఆజ్ఞ ఇచ్చాడు. బ్రాంటే రైతులు నిజమే అనుకున్నారు. ఆగస్టులో తిరగబడి పెద్దల మీద పడ్డారు, పదహారు మందిని చంపారు. గారిబాల్డీ సేనాని నీనో బిక్సియో వచ్చి, హడావిడి విచారణ జరిపించి ఐదుగురిని కాల్పించాడు. రైతు విన్నది 'భూమి', వచ్చినవాళ్ళు తెచ్చింది 'ఇటలీ'. ఈ రెండూ ఒకటి కావని ఎవరూ ముందు చెప్పలేదు.

ఇక ప్రజలు కోరారా అన్న మాట. పీడ్మాంట్ రాజు విట్టోరియో ఇమాన్యుయేల్ కింద ఒకే ఇటలీ కావాలా అని అక్టోబరు 21న దక్షిణాదిలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఎలా పెట్టారో వినండి. బల్ల మీద మూడు పెట్టెలు. ఒక పక్క పెట్టెలో 'అవును' చీటీలు, మరో పక్క పెట్టెలో 'కాదు' చీటీలు, మధ్యలో ఓటు వేసే పెట్టె. ఊరి పెద్దలు, సాయుధ సైనికులు చూస్తుండగా నువ్వు వెళ్ళి ఏ పక్క పెట్టెలో చెయ్యి పెడతావో పెట్టు. నేపుల్స్ వైపు ప్రధాన భూభాగంలో అవును 13,02,064, కాదు 10,312. సిసిలీలో అవును 4,32,053, కాదు 667. ఆరువందల అరవై ఏడు! మా అపార్టుమెంటు సంఘంలో గేటుకు రంగు వేయించే విషయంలోనే అంతకన్నా ఎక్కువ శాతం వ్యతిరేకత వస్తుంది. ఈ లెక్క చూసి జనం ఒక్క గొంతుతో కోరారని రాసిన పుస్తకాలు ఉన్నాయి. నేను మాత్రం ఆ మూడు పెట్టెల బల్లనే తలచుకుంటాను.

కలుపుకున్నారు అనడానికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం యుద్ధాలు కాదు, అంకెలు. 1861 మార్చి 17న ఇటలీ రాజ్యాన్ని ప్రకటించారు. కొత్త దేశానికి మొదటి రాజు కనుక మొదటి విట్టోరియో ఇమాన్యుయేల్ అనిపించుకోవాలి కదా? లేదు, పీడ్మాంట్ వంశక్రమంలోని 'రెండవ' అన్న అంకెనే ఉంచుకున్నాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కొలువైన ఇటలీ తొలి పార్లమెంటు కాగితాల మీద 'ఎనిమిదో శాసనసభ', ఎందుకంటే ముందరి ఏడూ పీడ్మాంట్‌వి. రాజ్యాంగం కూడా 1848లో టురిన్‌లో అప్పటి పీడ్మాంట్ రాజు కార్లో అల్బెర్టో ఇచ్చినదే. దుకాణం విస్తరించినప్పుడు బోర్డు మార్చకుండా వదిలేస్తామే, అలాగ. కొత్త దేశ జనాభా సుమారు 2 కోట్ల 20 లక్షలు. అందులో ఓటు హక్కు ఉన్నవాళ్ళు నూటికి ఇద్దరు.

ఆ కాలపు పార్లమెంటు భవనం టురిన్‌లో కరిన్యానో మహలు. అలలా వంపు తిరిగిన ఎర్ర ఇటుకల గోడ, ఇప్పుడు మ్యూజియం. పీడ్మాంట్ సభ్యులు కూర్చున్న పాత సభామందిరం ఎర్ర మఖమలు ఆసనాలతో అలాగే ఉంది, మన జిల్లా పరిషత్తు హాలుకన్నా పెద్దదేమీ కాదు. దేశం పెరిగేసరికి సభ్యులు అందులో పట్టక, 1861లో పెరట్లో చెక్కతో తాత్కాలిక సభ కట్టి దానిలో సమావేశమయ్యారు. శాశ్వతంగా ఉండాలని మహలు వెనుక బ్రహ్మాండమైన కొత్త మందిరం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేలోపు రాజధాని ఫ్లోరెన్సుకు వెళ్ళిపోయింది. ఏ పార్లమెంటూ కూర్చోని ఆ పార్లమెంటు మందిరం ఇప్పటికీ ఉంది.

అక్కడ నిలబడినప్పుడు నాకు మా తాతగారు గుర్తొచ్చారు. మాది కర్నూలు. 1953 అక్టోబరులో గుడారాల్లో ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలు నడిచిన సంగతి, మూడేళ్ళకే అవన్నీ హైదరాబాదుకు తరలిపోయిన సంగతి ఆయన బతికినంతకాలం చెప్పేవారు, ఎవరో అప్పు ఎగ్గొట్టినట్టు. టురిన్‌వాళ్ళు మాటలతో ఆగలేదు. రాజధాని మార్చే ఒప్పందం 1864 సెప్టెంబరులో బయటపడగానే వీధుల్లోకి వచ్చారు. సైనికుల కాల్పుల్లో యాభై మందికి పైగా చనిపోయారు. ఇటలీని కలిపిన ఊరికి మూడేళ్ళలో దక్కింది ఇది. అంటే 'పీడ్మాంట్ మింగేసింది' అనే మాట కూడా పూర్తిగా అతకదు. ఫ్లోరెన్సు మీదుగా రాజధాని 1871లో రోముకు చేరింది. అంతకు ముందు ఏడాదే, పోప్‌కు అండగా ఉన్న ఫ్రెంచి సేన జర్మన్ రాజ్యమైన ప్రష్యాతో యుద్ధానికి వెళ్ళిపోవడంతో, ఇటలీ సైన్యం పోర్టా పియా దగ్గర గోడ బద్దలుకొట్టి రోములో దూరింది.

నేను అద్దెకున్న ఇంటి యజమాని దక్షిణాదిలో బాసిలికాటా ప్రాంతంవాడు. 1960లలో పద్దెనిమిదేళ్ళ వయసులో అట్టపెట్టెతో రైలెక్కి కార్ల కర్మాగారంలో పనికి వచ్చాడట. ఆ రోజుల్లో టురిన్‌లో 'దక్షిణాదివారికి ఇల్లు ఇవ్వబడదు' అని బోర్డులు వేలాడేవి. వందేళ్ళయినా ఏకీకరణ అద్దె ఇంటి గుమ్మం దాటలేదన్నమాట. ఆయనకు గారిబాల్డీ కన్నా వాళ్ళ ప్రాంతపు కార్మినే క్రొక్కో గొప్ప. ప్రభుత్వ లెక్కలో క్రొక్కో బందిపోటు. మొదట గారిబాల్డీ పక్షాన పోరాడి, ఆశించిన క్షమాభిక్ష దొరకక, 1861 నుంచి కొత్త రాజ్యం మీదే తిరగబడి వందలమందిని వెంటేసుకున్న మనిషి. సిసిలీ రైతులకు బూర్బన్ల కాలంలో లేని నిర్బంధ సైనిక సేవ కొత్తగా వచ్చింది. పన్నులు పెరిగాయి, చర్చి భూములు చేతిలో డబ్బున్నవాళ్ళు కొనుక్కున్నారు. దక్షిణాదిని అణచడానికి 1864 నాటికి సుమారు లక్షమంది సైనికులను దింపారు. 1863లో పీకా చట్టం తెచ్చి సైనిక న్యాయస్థానాలు పెట్టారు. ఏకీకరణ యుద్ధాల పాఠం మనకు ఉంది గానీ, ఆ తర్వాతి ఈ యుద్ధం మన పాఠంలో లేదు.

భాష సంగతి మన తెలుగువాళ్ళకు మరీ వింతగా ఉంటుంది. నేను ఆరునెలలు కష్టపడి ఇటాలియన్ నేర్చుకుని వెళ్ళాను. మొదటి వారం ఇంటి యజమాని ఫోనులో చెల్లెలితో మాట్లాడుతుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. కింది వాటాలోని టురిన్ పెద్దావిడ 'చెరేయా' అని పలకరిస్తే తిట్టిందేమో అనుకున్నాను, అది వాళ్ళ పీడ్మాంట్ నమస్కారం. కుర్రాణ్ణి పుస్తకం 'రగాజ్జో' అంటుంది, మా యజమాని 'గ్వల్యోనే' అంటాడు, కిందావిడ 'చిత్' అంటుంది. ఇది ఇప్పటి మాట. 1861లో ఇటాలియన్ మాట్లాడగలిగినవారు ఒక పండితుడి అంచనాలో నూటికి ఇద్దరు ముగ్గురు, మరొకరి లెక్కలో పదిమంది లోపే. చదువు రానివారు నూటికి డెబ్బై అయిదుకు పైనే. మనకు భాష ముందు, దాని కోసం పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం, ఆ పైన రాష్ట్రం. అక్కడ దేశం ముందు వచ్చింది, భాషను తర్వాత బడి, సైన్యం, చివరకు టీవీ నేర్పాయి. పీడ్మాంట్ మాజీ ప్రధాని దాజెల్యో తన జ్ఞాపకాల్లో ఇటలీ తయారైంది గానీ ఇటాలియన్లు తయారు కాలేదని వాపోయింది ఇందుకే.

మరి మొదటి సగాన్ని ఎందుకు కొట్టిపారేయలేనంటే, 1848 మార్చిలో మిలాను జనం ఐదు రోజులు వీధుల్లో అడ్డుగోడలు కట్టి ఆస్ట్రియా సేనను తరిమారు. వెనిస్ గణతంత్రం ఆకలికీ, ఫిరంగులకూ, కలరాకూ తట్టుకుని 1849 ఆగస్టు దాకా నిలిచింది. వాళ్ళకు ఏ కవూరూ కూలి ఇవ్వలేదు. పలెర్మోలో 1860 ఏప్రిల్‌లోనే, గారిబాల్డీ రాకముందే, తిరుగుబాటు మొదలైంది. ఆ వెయ్యిమందిలో వకీళ్ళు, వైద్యులు, విద్యార్థులు ఎక్కువ. చదువుకున్న పట్టణ యువకులు నిజంగానే ఇటలీ అనే మాట కోసం చచ్చారు. కోరిక ఉంది, కానీ కొందరిది. దాన్ని జరిపించిన ఖజానా, సైన్యం, దౌత్యం మాత్రం ఒక రాజ్యానివి.

పోల్చి చూడటానికి జర్మనీ ఏకీకరణ గురించి కూడా ఒక్క మాట: అక్కడ ప్రష్యా ఆధిపత్యం ఇంకా బాహాటం. ఆస్ట్రియాను 1866లో ఓడించి పక్కకు నెట్టి, 1871 జనవరిలో ఓడిన ఫ్రాన్సు వర్సాయి మహలులోనే చక్రవర్తిని ప్రకటించుకున్నారు. అయితే అక్కడ రాతభాష ముందే ఒకటి, సుంకాల కూటమి 1834 నుంచే ఉంది, పైగా కలిసిన రాజ్యాల్లో చాలావాటికి తమ రాజులూ శాసనసభలూ మిగిలాయి. ఇటలీలో అవేవీ మిగల్లేదు, అంతా టురిన్ పద్ధతే.

టురిన్ వదిలి వచ్చే ముందు ఒక ఆదివారం మా ఇంటి యజమానిని ఆ మ్యూజియంకు తీసుకెళ్ళాను. యాభై ఏళ్ళకు పైగా ఆ ఊళ్ళో ఉండి ఆయన ఒక్కసారీ లోపలికి అడుగుపెట్టలేదు. బయటికొచ్చి కాఫీ తాగుతూ ఆ ఓట్ల లెక్క చెప్పాను, ప్రధాన భూభాగమంతా కలిపి 'కాదు' అన్నవాళ్ళు 10,312 మంది అని. ఆయన చెంచా కింద పెట్టి, "మా ముత్తాత తండ్రి ఆ పదివేలలో ఒకడు" అన్నాడు. నేను నిజమా అని చూశాను. "మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒకడున్నాడు" అని నవ్వాడు. "మా ఒక్క జిల్లాకే నీ పదివేలు చాలవు."