తాతయ్య సైకిలు ఏ సంవత్సరానిది?

ప్రశ్న: మా పాత ఇంటి సావిట్లో తాతయ్య తొక్కిన నల్ల ర్యాలీ కంపెనీ సైకిలు దొరికింది. కడ్డీ బ్రేకులు, వెనక హబ్బులో (చక్రం మధ్య ఉండే గుండ్రటి భాగంలో) మూడు గేర్లు ఉన్నాయి. ముందు బిళ్ల మీద కొంగ బొమ్మ, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పేరు ఉన్నాయి. 1930ల నాటిదని ఒకరు, పాత ఇనుముకు వేసేయమని ఇంకొకరు అంటున్నారు. వయసు, నాణ్యత ఎలా తెలుస్తాయి? పెయింట్ వేయించమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పెయింట్ మాట ఇప్పుడే ఎత్తకండి. మా నాన్నగారి సైకిలుకు నేను చేయించిన తప్పు అదే. షాపులో గీకేసి రంగు కొట్టారు. బంగారు గీతలు, సగం అరిగిన ఫ్రేము నంబరు, అన్నీ పోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

వయసు చెప్పడానికి నంబరు కంటే వెనక హబ్బే మంచి సాక్షి. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే గేర్ల హబ్బులు చేసే 'స్టర్మీ ఆర్చర్' కంపెనీ పేరు, దాని దగ్గర చిన్న అంకెలు కనిపిస్తాయి. 54, 11 అని ఉంటే ఆ హబ్బు 1954 నవంబరులో తయారైందన్నమాట. సైకిలు కూడా ఇంచుమించు అప్పటిదే. అయితే చక్రం మధ్యలో మార్చి ఉంటే ఈ లెక్క చెల్లదు. రెండు రిమ్ములూ ఒకే రకమా, ఒకేలా తుప్పు పట్టాయా చూడండి. బిళ్ల ఒక్కదాన్నే నమ్మకండి, దాన్ని విప్పి ఇంకో సైకిలుకు బిగించడం పెద్ద పని కాదు. మన దేశంలో ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ వాళ్లు కూడా ఈ సైకిళ్లు చేశారు, కాబట్టి మీది ఇక్కడ తయారైనదీ కావచ్చు.

నాణ్యతకు సీటు కడ్డీ బయటికి తీసి వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలత పనిముట్టుతో) కొలవండి. సీటు గొట్టం బయటి కొలత 28.6 మిల్లీమీటర్లుండి, కడ్డీ 25.4 దగ్గర ఉంటే గొట్టం గోడ మందం, అంటే మామూలు స్టీలు. 1935లో వచ్చిన రెనాల్డ్స్ 531 అనే తేలికైన మిశ్రమ స్టీలు గొట్టాలతో చేసిన మేలురకం రేసు ఫ్రేముల్లో కడ్డీ 27.2 దాకా పడుతుంది. గోడ పల్చన, బరువు తక్కువ. మీది కడ్డీ బ్రేకుల బండి కాబట్టి మామూలు స్టీలే అయి ఉంటుంది. దానికి చిన్నబోకండి. గతుకుల రోడ్డు మీద వెనకాల బస్తాతో ఏళ్ల తరబడి తిరగడానికి చేసిన ఫ్రేము అది.

ఇక దెబ్బలు. హ్యాండిల్ కింది నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం అడుగున, పై కొసకు దగ్గరగా బొటనవేలితో తడమండి. ముడత తగిలినా, అక్కడ రంగు పగిలి ఉన్నా ఎప్పుడో దేన్నో గుద్దిందని అర్థం. అలాంటి ఫ్రేము బాగుచేయించకుండా ఎక్కకండి. తర్వాత వెనక ఇరుసు దగ్గర ఒక నూలుదారం కట్టి, హ్యాండిల్ కింది గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు ఇరుసుకు బిగించండి. సీటు గొట్టానికి, దారానికి మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉంటే ఫ్రేము వంగలేదు.

అన్నీ బాగుంటే హబ్బు మీది చిన్న మూత తెరిచి నాలుగు చుక్కలు నూనె వేయండి, కొత్త టైర్లు వేయించి తొక్కండి. ఆ అంకెలేమిటో నాకు తప్పకుండా రాయండి.