పాత లేజర్ గానీ హోబీ 16 గానీ ఇంటి దగ్గర బాగుచేసి రేసులో దింపవచ్చా? ఏ పెయింట్ వాడాలి?

మీరు అడిగింది ఇది: ఒక పాత లేజర్ (ఒకరే నడిపే చిన్న తెరచాప పడవ), ఒక పాత హోబీ 16 (రెండు పడవ దేహాలు కలిపి కట్టిన కటమరాన్, ఇద్దరు నడుపుతారు) తక్కువ ధరకు దొరుకుతున్నాయి. ఒకటి తీసుకుని ఇంటి దగ్గరే బాగుచేసుకుని రేసుల్లో దిగాలనుంది. పైన పెచ్చులూడిన చోట ఏ పెయింట్ వేయాలి?

ఈ రెండు రకాలూ నేను మా షెడ్డులో విప్పి బిగించినవే, మిర్రర్ అనే చిన్న ప్లైవుడ్ తెరచాప పడవ కూడా చేశాను. ఇంట్లో చేయవచ్చు, బాగా చేయవచ్చు. కానీ పెయింట్ సంగతి అన్నిటికన్నా చివరిది. పాత పడవ వెనకబడేది దాని మెరుపు పోయినందువల్ల కాదు. లోపలికి నీళ్లు చేరి బరువెక్కుతుంది, అతుకులు వదులై మెత్తబడుతుంది. ఆ రెండూ సరిచేస్తే గీతలున్న పడవ కూడా పరుగెత్తుతుంది. అవి వదిలేసి అద్దంలా రంగు వేస్తే అది ఫొటోలకే పనికొస్తుంది.

కాబట్టి కొనే ముందే తూకం వేయండి. లేజర్ హల్ (పడవ దేహం) ఒక్కటీ సుమారు 59 కిలోలు ఉండాలి. హోబీ 16 అన్నీ బిగించాక సుమారు 145 కిలోలు. వేలాడదీసే కాటా దొరక్కపోతే రెండు మామూలు కాటాలు ముందొకటి, వెనకొకటి పెట్టి రెండు అంకెలూ కూడండి. హోబీకి ఇంకో తేలిక పద్ధతి ఉంది: ఫ్రేమ్ విప్పి రెండు హల్స్‌నీ విడివిడిగా తూచండి. ఒకటి రెండోదానికన్నా నాలుగైదు కిలోలు ఎక్కువుంటే అందులో నీళ్లో, ఎవరో చేసిన బరువైన రిపేరో ఉన్నట్టే. అంత చిన్న పడవకు ఆ నాలుగైదు కిలోలు చాలా ఎక్కువ, తక్కువ గాలిలో నీటి మీదికి లేచి జారడం మొదలుపెట్టే క్షణమే ఆలస్యమవుతుంది.

లోపల తడి ఉంటే తొందరపడకండి. డ్రెయిన్ ప్లగ్ తీసి, అవసరమైతే డెక్ (పడవ పైభాగం) మీద గుండ్రటి ఇన్‌స్పెక్షన్ హ్యాచ్ ఒకటి కోసి, చిన్న ఫ్యాన్‌తో నెమ్మదిగా గాలి ఆడనివ్వాలి. వారానికోసారి తూచి గోడ మీద రాసుకోండి. బరువు తగ్గడం ఆగేదాకా రెసిన్ డబ్బా మూత తెరవవద్దు. హల్ పొరల మధ్య ఉండే ఫోమ్ తడిగా ఉండగా వేసిన ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెసిన్) పట్టినట్టే కనిపిస్తుంది, మొదటి గట్టి అలకే ఊడుతుంది. హీట్ గన్‌తో వేగంగా ఆరబెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. వేడికి ఫోమ్ ఉబ్బి పొర ఇంకా లేస్తుంది, ఆ పని చేయకండి.

ఆరుతున్న రోజుల్లో తట్టి చూసే పని పెట్టుకోండి. ఒక నాణెం తీసుకుని హల్ అంతా, డెక్ అంతా అంగుళం అంగుళం తట్టాలి. గట్టిగా ఉన్నచోట టకటకమని శబ్దం వస్తుంది, పొర విడిపోయినచోట మొద్దుగా మూగబోతుంది. పెన్సిల్‌తో హద్దులు గీయండి. హోబీ 16లో రెండు హల్స్‌నీ కలిపే అడ్డకమ్మీల్లో ముందుదానికి, అంటే ముందు క్రాస్‌బార్‌కి, ముందున్న డెక్ భాగం ఎక్కువగా మెత్తబడుతుంది, అక్కడ బొటనవేలితో నొక్కితేనే తెలిసిపోతుంది. అరచేతి వెడల్పు మచ్చలైతే ఇంట్లోనే నయమవుతాయి: పై పొర వరకే దిగేలా 3 మి.మీ. రంధ్రాలు అంగుళం దూరంలో వరసగా వేసి, పల్చటి ఎపాక్సీని సిరంజితో ఒక రంధ్రంలోకి ఎక్కించాలి. పక్క రంధ్రంలోంచి పైకి వచ్చినప్పుడు దాన్ని టేప్‌తో మూసి ముందుకు పోవాలి. తర్వాత ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద ఇసుక సంచి పెడితే పొరలు దగ్గరకు చేరి అతుక్కుంటాయి. మెత్తదనం మోచేతి పొడవు దాటి, క్రాస్‌బార్ కాళ్లు దిగేచోటు దాకా పాకి ఉంటే ఆ పడవను వదిలేయమనే చెబుతాను. భారం మొత్తం పడేది అక్కడే.

హోబీ హల్స్ అడుగు కూడా చూడండి. ఈ పడవకు డాగర్‌బోర్డులు (పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దించే పలకలు) లేవు, ఒడ్డు ఇసుక మీదికి నేరుగా లాగేస్తారు, అడుగు అరిగిపోతుంది. చీకట్లో హల్ లోపల టార్చిలైటు పెట్టి బయటినుంచి చూస్తే పల్చబడినచోట వెలుగు ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ రెండు మూడు పొరల గ్లాస్ క్లాత్ (ఫైబర్‌గ్లాస్ గుడ్డ) రెసిన్‌తో వేస్తే సరిపోతుంది.

లీకులు పట్టడానికి హల్‌ని మూసి డ్రెయిన్ రంధ్రంలోంచి నోటితో గాలి ఊది, అతుకుల మీద, స్క్రూల చుట్టూ సబ్బునీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. నోటి ఊపిరి చాలు. కంప్రెసర్ మాత్రం పెట్టకండి, ఆ ఒత్తిడికి డెక్ అతుకు విడిపోతుంది.

లేజర్‌లో అసలు పరీక్ష ఇంకోటుంది. మాస్ట్ (తెరచాప స్తంభం) నిలబెట్టే గొట్టంలో నీళ్లు నిండా పోసి మట్టం దగ్గర గీత పెట్టి అరగంట ఆగండి. నీళ్లు తగ్గితే గొట్టం అడుగు హల్‌తో కలిసే చోట పగులుంది. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. గాలి గట్టిగా ఉన్నప్పుడు మాస్ట్ డెక్‌ని చీల్చుకుని బయటికి వచ్చిన పడవలు నేను చూశాను. పక్కనే హ్యాచ్ కోసి, లోపల గొట్టం మొదట్లో ఎపాక్సీ ముద్దతో గుండ్రటి గట్టు కట్టి, దాని మీద గ్లాస్ క్లాత్ చుట్టాలి. గొట్టం లోపల ఇసుక చేరి మాస్ట్ తిరిగినప్పుడల్లా అరగదీస్తుంది, కాబట్టి ప్రతిసారీ మంచినీళ్లతో కడగడం అలవాటు చేసుకోండి.

ఇక పగుళ్లు, రంధ్రాలు. పగులును పుట్టీతో పూడిస్తే అది మళ్లీ తెరుచుకుంటుంది. చుట్టూ వాలుగా గ్రైండ్ చేయాలి: పొర మందం 2 మి.మీ. అయితే వాలు దాదాపు 24 మి.మీ. పొడవుండాలి, అంటే పన్నెండింతలు. ఆ వాలు మీద చిన్నవీ పెద్దవీ గ్లాస్ ముక్కలు వేసుకుంటూ పోతే కొత్త పొర పాతదానితో ఏకమవుతుంది. నేను దీనికి ఎపాక్సీనే వాడతాను, పాత పడవ తయారైన పాలియెస్టర్ రెసిన్ మీద అది బాగా పట్టుకుంటుంది. రెసిన్‌కీ హార్డెనర్‌కీ డబ్బా మీద రాసిన నిష్పత్తి కచ్చితంగా పాటించండి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎపాక్సీ ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. గట్టిపడ్డాక పైన జిడ్డులాంటి పొర తేలుతుంది, అది నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగాకే తర్వాతి పొర. జెల్‌కోట్ (పడవ పైనుండే మెరుపు పొర) వేయదలిస్తే ఇంకా జాగ్రత్త, సరిగా గట్టిపడని ఎపాక్సీ మీద అది ఆరదు.

గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మంచి మాస్క్, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్స్ లేకుండా గ్రైండర్ పట్టుకోవద్దు. పాలియెస్టర్ రెసిన్‌లో కలిపే కేటలిస్ట్ కంట్లో పడితే చూపే పోవచ్చు. ఎపాక్సీ చర్మానికి తగులుతూ ఉంటే కొన్నాళ్లకు అలర్జీ మొదలవుతుంది, మొదలయ్యాక పోదు. షెడ్డులో పిల్లలు తిరిగే వేళ ఈ పనులేవీ పెట్టుకోకండి.

ఫిల్లర్ ఎంత తక్కువ వాడితే అంత మంచిది, ముఖ్యంగా ముందు ముక్కు దగ్గర, వెనక ట్రాన్సమ్ దగ్గర. మొత్తం తూకం సరిగ్గానే ఉన్నా బరువు చివర్లలో పేరుకుంటే పడవ ప్రతి అలకూ ముందుకీ వెనక్కీ ఊగి వేగం పోగొట్టుకుంటుంది. ఇది ఎంత ముఖ్యమంటే, ఫిన్ అనే రేసు పడవల క్లాసులో హల్‌ని వేలాడదీసి ఊపి బరువు ఎలా పరుచుకుందో కొలిచే పరీక్షే ఉంది, దాన్ని రూపొందించిన గిల్బర్ట్ లాంబొలే పేరుతో.

తీగల విషయంలో నేను ఎవరి మాటా వినను. పాత పడవ కొన్నాక మాస్ట్‌ని నిలిపే స్టీలు తీగలన్నీ మార్చేస్తాను, చూడటానికి కొత్తగా మెరుస్తున్నా సరే. అవి తెగేది చివర్లో లోహపు గొట్టంలో నొక్కి బిగించిన చోట, కంటికి కనపడకుండా. హోబీలో ఒక మనిషి ట్రాపీజ్ (పడవను నిలపడానికి బయటికి వేలాడే తీగ) మీద వేలాడుతుండగా తీగ తెగితే మాస్ట్ మీదికొస్తుంది. తీగలకయ్యే ఖర్చు తగ్గించి కొత్త తెరచాప కొనేవాళ్లను ఆపాలనిపిస్తుంది నాకు.

అల్యూమినియం మాస్ట్ మీద స్టెయిన్‌లెస్ స్టీలు బిగించినచోట ఉప్పునీరు తగిలితే అల్యూమినియం తెల్లటి పొడిగా తినేయబడుతుంది. ఫిటింగ్స్ విప్పి శుభ్రం చేసి, రెండు లోహాల మధ్య డ్యూరలాక్ లాంటి పేస్టు రాసి, మోనెల్ (నికెల్-రాగి మిశ్రమం) రివెట్లతో బిగించండి. హోబీ మాస్ట్ లోపలికి నీళ్లు పోకుండా రివెట్ రంధ్రాలు సీల్ చేయడం మరవద్దు. మాస్ట్ నిండితే పడవ పక్కకు పడినప్పుడు పూర్తిగా తలకిందులవుతుంది, నిలబెట్టడం చాలా కష్టం. సిలికోన్ సీలెంట్ వాడకండి. అది అంటినచోట తర్వాత రంగు గానీ రెసిన్ గానీ పట్టదు. ఇంకోమాట, మాస్ట్ ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలున్నాయేమో చూడండి.

కటమరాన్‌లో గట్టిదనమంతా ఫ్రేమ్‌లోనే. రెండు హల్స్ ముక్కుల దగ్గరా వెనకా దూరం కొలిచి, మూలనుంచి మూలకు కూడా కొలిచి, సమానంగా వచ్చాక బోల్టులు బిగించాలి. ఆ తర్వాత ట్రాంపొలిన్ (హల్స్ మధ్య బిగించే, మనం కూర్చునే గుడ్డ) తాళ్లు రెండు మూడు విడతల్లో లాగి కట్టండి, ఒకేసారి బిగిస్తే ఫ్రేమ్ మెలిక పడుతుంది. చుక్కానులు రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో బ్లేడ్ల ముందు అంచుల మధ్య, వెనక అంచుల మధ్య కొలవండి. తేడా 2 మి.మీ. దాటకూడదు. నా హోబీకి చేసిన పనులన్నిటిలో ఈ కొలతే ఎక్కువ వేగం ఇచ్చింది, దానికి పెట్టిన ఖర్చు ఏమీ లేదు. చుక్కాని చేతికి ఎప్పుడూ బరువుగా లాగుతుంటే బ్లేడ్ల అడుగును కొంచెం ముందుకు జరిపి చూడండి.

లేజర్ డాగర్‌బోర్డు వేగంలో గుయ్యిమంటుంటే వెనక అంచు మొండిబారిందని అర్థం. కానీ దాన్ని సానపట్టే ముందు క్లాస్ రూల్స్ చదవండి. లేజర్, హోబీ 16 రెండూ వన్-డిజైన్ పడవలు, అంటే రేసులో అన్నీ ఒకే ఆకారంలో ఉండాల్సినవి. దెబ్బతిన్నదాన్ని అసలు ఆకారానికి తేవచ్చు, ఆకారం మార్చకూడదు. హల్ అడుగును మెరుగుపరుస్తాను అంటూ సానపట్టి రేసుకు పనికిరాకుండా చేసుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు పెయింట్. రెండు భాగాలు కలిపే పాలియురెథేన్ మంచిది, కానీ ఇంట్లో స్ప్రే చేయకండి. అందులోని ఐసోసైనేట్ పొగను మామూలు మాస్క్ ఆపదు. ఒకరు రోలర్‌తో పల్చగా వేస్తూ పోతే, వెనకే ఇంకొకరు ఖాళీ బ్రష్‌ని అలా తేలిగ్గా లాగితే చాలు. బాగా ఆరాక 600, 800 నంబర్ వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. జెల్‌కోట్ పెచ్చులు మాత్రమే ఊడి, మిగతాది గట్టిగా ఉంటే మొత్తం రంగు వేయనే వద్దు. ఆ పెచ్చులే జెల్‌కోట్‌తో పూడ్చి పాలిష్ చేస్తే బరువూ పెరగదు.

రెంటిలో ఏది అంటే, మీరు ఒక్కరే పనిచేసి ఒక్కరే తెరచాప ఎత్తేవారైతే లేజర్. విప్పేవి తక్కువ, ఒక మూలన పట్టేస్తుంది. తోడుగా రేసులో కూర్చునే మనిషి, రెండు హల్స్ పరిచే చోటు ఉంటే హోబీ. అది బాగుపడి గాలిలో ఒక హల్ మీద లేచినప్పుడు కలిగే సంతోషం చాలా పెద్దది. ముందు రెండింటినీ తూచి, లేజర్ గొట్టంలో నీళ్లు పోసి చూసి, ఆ అంకెలు ఇక్కడే రాయండి. మెత్తబడిన భాగాల ఫొటోలు నాణెం పక్కన పెట్టి తీస్తే ఎంత పని పడుతుందో నేను చెప్పగలను.