రాత్రంతా టొరెంట్లతో పాటలు పంచుకునే అబ్బాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది చీపురుపల్లి. మా అబ్బాయి విజయనగరంలో ఇంటర్ రెండో సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్నాడు. మార్కులు బాగానే వస్తున్నాయి గాని, ఇంటికి వచ్చినప్పుడల్లా అర్ధరాత్రి దాకా ల్యాప్‌టాప్‌లో టొరెంట్ సాఫ్ట్‌వేర్ పెట్టుకొని పాత పాటలు, హరికథలు, తప్పెటగుళ్ళ రికార్డింగులు దింపుకుంటున్నాడు. తన దగ్గరున్నవి ఊరూ పేరూ తెలియని వాళ్ళకు ఇస్తున్నాడు. ఇది కేసుల దాకా వెళ్తుందా? నెట్ తీయించేయమంటారా? వాడికి ఏ చదువు సరిపోతుంది?

జవాబు: ముందు చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే అక్కడ మొహమాటానికి చోటు లేదు. టొరెంట్‌లో ఒక ఫైలు చిన్న చిన్న ముక్కలుగా అనేకమంది కంప్యూటర్ల నుంచి వస్తుంది. అలా వచ్చిన ముక్కలు, పాట పూర్తిగా దిగకముందే, మీ అబ్బాయి ల్యాప్‌టాప్ నుంచి మరికొందరికి వెళ్ళిపోతుంటాయి. అందువల్ల "నేను వినడానికే దింపుకున్నాను" అన్న మాట నిలబడదు. పైగా ఆ ఫైలును పంచుకుంటున్న ప్రతి ఒక్కరికీ మీ ఇంటి ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య, కనిపిస్తుంది. హక్కుదారు అనుమతి లేని పాటను తెలిసి తెలిసి ఇలా పంచితే 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభాపేక్ష లేనప్పుడు, తగిన కారణాలు రాసి శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది గాని, నేరం నేరమే. ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లవాడు ఈ బరువు నెత్తిన పెట్టుకోవలసిన అవసరం లేదు.

అయితే ఆ సాఫ్ట్‌వేర్ మీద నిషేధమేమీ లేదు. ఉబుంటు, డెబియన్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లను వాటిని తయారుచేసేవారే టొరెంట్ల ద్వారా అందిస్తున్నారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ కూడా తన సేకరణలకు టొరెంట్లు ఇస్తుంది. మీ అబ్బాయి సేకరణలోనూ అన్నీ ఒక రకం కావు. మన దేశంలో సౌండ్ రికార్డింగ్‌పై హక్కు అది విడుదలైన తర్వాత 60 ఏళ్ళు, సాహిత్యంపైనా బాణీపైనా రచయిత మరణానంతరం 60 ఏళ్ళు ఉంటుంది. 1945లో కన్నుమూసిన ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథల మీద ఆ గడువు 2005తో ముగిసింది. వాటినే ఈనాటి భాగవతారు పాడి విడుదల చేస్తే మాత్రం ఆ రికార్డింగు హక్కు వేరు. తప్పెటగుళ్ళ బృందానికి కూడా తమ ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కు ఉంది. అది జానపదం కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చన్న భావన మన దగ్గర చాలామందిలో ఉంది. ఆ అపోహ వల్ల నష్టపోయేది మన పల్లెల కళాకారులే గనుక ఈ మాట అబ్బాయికి ప్రత్యేకంగా చెప్పండి.

ఇక చదువు. దీనికి జవాబు మీ అబ్బాయి మనసు పాట మీద ఉందా, పాటను చేరవేసే యంత్రాంగం మీద ఉందా అన్నదానిపై ఆధారపడి ఉంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఆ వైపు చదువులు మాత్రం వేరు. పాట దిగిన తర్వాత అతను ఏం చేస్తున్నాడో ఒక ఆదివారం పక్కన కూర్చొని, కోప్పడకుండా, చూడండి. పాడినవారి పేరు, రాగం, సంవత్సరం సరిచేసి, రెండు ప్రతులు పోల్చి ఏది మేలో తేల్చుకుంటున్నాడా? లేక వేగం ఎందుకు తగ్గింది, రౌటర్‌లో ఏ పోర్టు మూసుకుపోయింది, మధ్యలో సర్వర్ లేకుండా ఈ కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటున్నాయి అని తవ్వుతున్నాడా?

రెండోది అయితే అతనిది మంచి ప్రశ్న, దాని వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1999లో వచ్చిన నాప్‌స్టర్‌లో పాటలు జనం కంప్యూటర్లలోనే ఉండేవి గాని, ఎవరి దగ్గర ఏముందో చెప్పే జాబితా మాత్రం సంస్థ సర్వర్లలో ఉండేది. రికార్డింగ్ సంస్థలు కోర్టుకెక్కాక 2001లో ఆ సర్వర్లు ఆగాయి, వాటితోపాటు వ్యవస్థ మొత్తం ఆగింది. 2000లో వచ్చిన నూటెల్లా ఆ జాబితానే తీసేసి, ప్రతి ప్రశ్ననూ ఒకరి నుంచి ఒకరికి పంపించింది. వాడేవారు పెరిగేకొద్దీ ఆ ప్రశ్నలే నెట్‌వర్క్‌ను ముంచేశాయి. 2001లో బ్రామ్ కోహెన్ రాసిన బిట్‌టొరెంట్ ఫైలును ముక్కలు చేసి, తీసుకునేవాడే ఇచ్చేవాడూ అయ్యేలా చేసింది. 2002లో ప్రతిపాదించిన కాడెమ్లియా పద్ధతితో ఆ జాబితానే అందరి మధ్యా పంచిపెట్టడం వీలైంది. బి.టెక్. మూడో, నాలుగో సంవత్సరాల్లో కంప్యూటర్ నెట్‌వర్క్స్, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ అనే పేర్లతో చదివేది ఈ చిక్కుముడుల గురించే. స్పాటిఫై కూడా 2014 దాకా పాటలను కొంతవరకు శ్రోతల కంప్యూటర్ల నుంచే అందించింది.

అలాంటప్పుడు ఈఏపీసెట్ ద్వారా కంప్యూటర్ సైన్స్ గాని, ఐ.టి. గాని తీసుకోవడం సరైనది. ఇంటి పరిస్థితిని బట్టి బి.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్‌లో చేరినా తలుపులు మూసుకుపోవు. చేరిన మొదటి ఏడాదే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న బిట్‌టొరెంట్ క్లయింట్‌ను, అంటే టొరెంట్లు దింపే ప్రోగ్రామును, సొంతంగా రాయమనండి. దాని నియమావళి అందరికీ అందుబాటులోనే ఉంది. టొరెంట్ ఫైలు చదవడం, వచ్చిన ప్రతి ముక్కనూ హాష్‌తో (ముక్కలోని డేటా నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి సంఖ్యతో) సరిచూడడం, ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్య తన సొంత ఫైలు పంపడం, అలా వెళ్ళే డేటా ప్యాకెట్లను వైర్‌షార్క్ అనే నెట్‌వర్క్ పరిశీలన సాఫ్ట్‌వేర్‌లో చూడడం వరకు చేస్తే చాలు. కోచింగ్ సెంటరు ఇచ్చే సర్టిఫికెట్ కన్నా, రేపు ఇంటర్వ్యూలో "ఇది నేను రాశాను, ఇక్కడ ఇలా ఆగిపోయింది, ఇలా సరిచేశాను" అని చెప్పగలగడానికే విలువ ఎక్కువని నా నమ్మకం.

మనసు పాట మీదే ఉంటే, అది తక్కువ విషయమని అనుకోవద్దు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊళ్ళోనే అతను చదువుతున్నాడు. అక్కడ కొంతకాలం శాస్త్రీయంగా నేర్చుకుంటే చెవికి శిక్షణ వస్తుంది. డిగ్రీ తర్వాత పుణేలోని ఎఫ్.టి.ఐ.ఐ. అనే సినిమా, టెలివిజన్ విద్యాసంస్థలో గాని, అలాంటిదే అయిన కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థలో గాని సౌండ్ విభాగానికి ప్రయత్నించవచ్చు, లేదా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్స్ చదివి శబ్ద భాండాగారాల వైపు వెళ్ళవచ్చు. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ, స్థిరపడడానికి సమయం పడుతుంది. అందుకే కంప్యూటర్ డిగ్రీ ఒకటి చేతిలో ఉంచుకొని ఇటు రమ్మంటాను; సేకరణలను క్రమంగా నమోదు చేసే డేటాబేస్ పని తెలిసినవారు సంగీతం తెలిసినవారిలో అరుదు.

నెట్ తీయించకండి. హక్కులు ఇతరులవైన పాటలను టొరెంట్ నుంచి తొలగించి, షేరింగ్ ఈ రోజే ఆపమనండి. ఇంటర్ పరీక్షలు, ఈఏపీసెట్ అయ్యేవరకు రాత్రి పది తర్వాత ల్యాప్‌టాప్ మీ గదిలో ఉంచండి. వేసవిలో మీ చుట్టుపక్కల ఉన్న ఒక తప్పెటగుళ్ళ బృందం దగ్గరికి వెళ్ళి, రాతపూర్వకంగా అనుమతి తీసుకొని, కళాకారుల పేర్లతో సహా ఒక ప్రదర్శనను తనే రికార్డు చేయమనండి. దాన్ని వారి ఇష్టప్రకారం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టవచ్చు. ఆ పనిలో అతన్ని ఏది ఎక్కువ పట్టుకుందో గమనించి, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు మళ్ళీ రాయండి. బ్రాంచి గురించి, కాలేజీల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.