లైసెన్సు ఏడాదికి, అప్పు మూడేళ్లకు

ప్రశ్న: పదకొండేళ్లుగా భారీ లారీల మరమ్మతు షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గర ముగ్గురు మెకానిక్‌లు పనిచేస్తున్నారు. ఇప్పుడు వస్తున్న బండ్లన్నీ ఎలక్ట్రానిక్ ఇంజిన్లవే. ఇంజిన్ కంప్యూటరు చూపే లోపం కోడ్ చదవగలుగుతున్నాం గానీ, ఆపై పనంతా కంపెనీ సర్వీసు సెంటరుకే పోతోంది. పోయిన నెల కోడ్ చూసి నాక్స్ సెన్సార్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) మార్చాం. సమస్య తీరలేదు, షాపువాళ్లు ఆ సెన్సార్‌ను వెనక్కి తీసుకోలేదు. అందుకే అన్ని కంపెనీల బండ్లకూ పనికొచ్చే స్కానర్, ల్యాప్‌టాప్, రెండు ఇంజిన్ కంపెనీల సాఫ్ట్‌వేర్ కొందామనుకుంటున్నాను. ఉన్న ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి, మిగిలిన మొత్తం నూటికి నెలకు మూడు వడ్డీకి మూడేళ్ల గడువుతో తెస్తాను. ఇది సరైన పనేనా?

జవాబు: కాదు. ఆ డిపాజిట్ తీయకండి, ఆ అప్పు తేకండి. షెడ్డు యజమానులు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు కాబట్టి మీ ఉత్తరానికి కాస్త వివరంగానే జవాబిస్తున్నాను.

లేత్ మిషన్ కొంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది, అమ్మినా ఎంతో కొంత చేతికొస్తుంది. ఇంజిన్ కంపెనీల సాఫ్ట్‌వేర్ దారి వేరు. కమిన్స్ ఇన్‌సైట్ వంటివి ఏడాది చందా మీద నడుస్తాయి. గడువు తీరితే మళ్లీ కట్టాల్సిందే. అంటే అది అద్దె. అద్దె కట్టడానికి మూడేళ్ల అప్పు ఎవరైనా చేస్తారా? మొదటి ఏడాది లైసెన్సు ముగిసిపోయాక కూడా దానికోసం తెచ్చిన అప్పు మరో రెండేళ్లు మీ నెత్తిన ఉంటుంది. పైగా రెండో ఏడాది చందాకు మళ్లీ డబ్బు వెతుక్కోవాలి. నూటికి మూడు చొప్పున వడ్డీ మాత్రమే కడుతూ పోతే మూడేళ్లలో ప్రతి వందకూ 108 వడ్డీ కిందే పోతుంది, అసలు అసలులాగే మిగులుతుంది. లారీ మరమ్మతులో అంత మిగులు ఎక్కడుంది?

ఇక ఆ సెన్సార్ సంగతి. మీ డబ్బు కారిపోతున్న చిల్లు అక్కడే ఉంది. భారీ బండ్ల ఎలక్ట్రానిక్ భాగాలు మాట్లాడుకునే జే1939 పద్ధతిలో కోడ్‌కు రెండు భాగాలుంటాయని మీ మెకానిక్‌లకు తెలిసే ఉంటుంది: తప్పు ఎక్కడో ఎస్‌పీఎన్ చెబుతుంది, ఎలాంటిదో ఎఫ్‌ఎంఐ చెబుతుంది. మీకు ఏ కోడ్ వచ్చిందో రాయలేదు. ఎస్‌పీఎన్ 3226, ఎఫ్‌ఎంఐ 9 అనుకుందాం. పొగ బయటికి పోయే వైపున్న నాక్స్ సెన్సార్ నుంచి సమాచారం సకాలంలో అందడం లేదని దాని అర్థం. సెన్సార్ పాడై ఉండొచ్చు, ఫ్యూజు పోయి ఉండొచ్చు, కనెక్టర్ పిన్నులకు చిలుము పట్టి ఉండొచ్చు, వైరు ఎక్కడో ఒరుసుకుని తెగి ఉండొచ్చు. సెన్సార్ కొనేముందు మల్టీమీటరుతో కనెక్టర్ దగ్గర కరెంటు వస్తోందో లేదో చూశారా? ఎంత ఖరీదైన స్కానరైనా ఈ పని మీ బదులు చేయదు.

భాగాన్ని గుర్తించడమూ అంతే. ఒకే మోడల్, ఒకే ఏడాది లారీలు రెండింటిలో వేర్వేరు ఇంజిన్లు ఉండొచ్చు. ఎగ్జాస్టు లోపలి వైపు సెన్సార్, బయటి వైపు సెన్సార్ చూడటానికి కవలల్లా ఉంటాయి, కానీ ఒకదాని చోట మరొకటి పనిచేస్తుందని నమ్మడానికి లేదు. 17 అక్షరాల ఛాసిస్ నంబరు, ఇంజిన్ ప్లేటు మీది సీరియల్ నంబరు, పాత భాగం మీది నంబరు, ఈ మూడింటి ఫోటోలూ షాపుకు పంపి, సరిపోయిందని అక్కడ ఒప్పుకున్నాకే డబ్బు కట్టండి. చేత్తో రాసుకునే అలవాటుంటే మానండి. ఆ 17 అక్షరాల్లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు ఉండవు. సున్నాను ఓ అని రాసుకుని తప్పు భాగం తెప్పించిన షెడ్లు నాకు తెలుసు. ఎలక్ట్రికల్ భాగాలను చాలా షాపులు వెనక్కి తీసుకోవు కాబట్టి ఆ తప్పు ఖరీదు పూర్తిగా మీదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో అత్యవసర నిధి అన్న మాటే లేదు. మీరు భాగాలు రొక్కానికి కొంటారు, లారీల యజమానులు రెండు నెలలకు గానీ బిల్లు కట్టరు. పెద్ద ఖాతాదారు ఒక్కరు ఆపేస్తే ముగ్గురి జీతాలు ఎక్కడినుంచి తెస్తారు? ఆరు నెలల జీతాలు, షెడ్డు అద్దె, రెండు నెలల భాగాల ఖర్చు ఒక ఖాతాలో ఉండాలి. ఇంటి ఆరు నెలల ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి. మీ డిపాజిట్ ఈ నిధికి పునాది. దాన్ని తాకకండి.

సాఫ్ట్‌వేర్ చేతికొచ్చాక ఈ నిధి అవసరం ఇంకా పెరుగుతుంది. కోడ్ చదవడం వేరు, ఈసీఎంలోకి, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరులోకి, కొత్త ప్రోగ్రాం ఎక్కించడం వేరు. మధ్యలో బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ఈసీఎం పనిచేయకుండా పోవచ్చు. నా దగ్గరికి సలహాకు వచ్చే ఒక షెడ్డు యజమానికి ఇదే జరిగింది. బండి ఖాతాదారుది, ఈసీఎం ఖరీదు మాత్రం ఈయన భరించాల్సి వచ్చింది. చేతిలో నిధి లేదు. దానికోసం రెండో అప్పు, దాని వడ్డీకి మూడో అప్పు చేశారు. చవకగా దొరికే దొంగ కాపీలతో ప్రోగ్రామింగ్ చేయడం ఇంకా ప్రమాదం, ఆ ఆలోచన ఉంటే ఇక్కడితో వదిలేయండి. మీ చేతిలో ఉండగా ఖాతాదారు బండికి జరిగే నష్టానికి బీమా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

మూడు నెలల పాటు ఒక నోటుబుక్కు పెట్టండి. వెనక్కి పంపిన ప్రతి బండినీ అందులో రాయండి: కంపెనీ, ఇంజిన్ మోడల్, ఏడాది, కోడ్, పోయిన పని విలువ. ఏ ఇంజిన్ బండ్లు ఎక్కువగా పోతున్నాయో తేలుతుంది. అప్పుడు ఆ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ చాలు. ల్యాప్‌టాప్‌ను బండికి కలిపే అడాప్టర్ మాత్రం ఆర్‌పీ1210 అనే ఉమ్మడి ప్రమాణానికి సరిపోయేది కొనండి, రేపు వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా చాలావరకు అదే పనికొస్తుంది. దీన్ని షెడ్డు రాబడితో కొనండి. విక్రేత వడ్డీ లేని వాయిదాలిస్తే, అవి ఏడాది లోపు తీరేటట్టయితే, ఒప్పుకోవచ్చు.

అప్పు కాగితాల మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, గడువుకు ముందే తీర్చడానికి ఏమేం కట్టాలో ఇవాళే అడిగి నాకు రాయండి.