మీ అమ్మ చెవి మిషన్‌కు చెయ్యి పెట్టేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు సెట్టింగులు మార్చే ప్రోగ్రామర్ పెట్టె, కొలత మైక్రోఫోన్ తెప్పించుకొని మీ అమ్మ చెవి మిషన్లను ఇంట్లోనే సరిచేయబోతున్నావని నిన్న తనే ఫోన్‌లో చెప్పింది. ముప్పై ఏళ్లు రేడియోలు, చెవి మిషన్లు బాగుచేసిన నాకు, మన ఇంటి పిల్ల ఈ పనికి పూనుకోవడం కంటే సంతోషం ఏముంటుంది? అయినా రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా డాక్టరు చేత చెవిలో గులిమి తీయించు, మిషన్ కొసన ఉండే జాలీ మార్చు. ఫోన్ యాప్‌ను నమ్ముకోకుండా, వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు దగ్గర కొత్త ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినిపిస్తుందో చూపే పటం, తీయించు. ఇప్పుడున్న సెట్టింగులను భద్రపరచనిదే ఒక్క గీత కూడా కదపకు. చెవి కారినా, వినికిడి ఒక పక్కనే తగ్గినా, ఉన్నట్టుండి తగ్గినా అది మన చేతిలో పని కాదు, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఇక నా మాట. 1991లో మీ తాతయ్య చెవి వెనుక పెట్టుకొనే మిషన్‌కు చిన్న మూత కింద రెండు మరలు ఉండేవి, ఒక్కొక్కటి ఆవగింజంత. ఒకటి శబ్దాన్ని ఎంత పెంచాలో చెబుతుంది, రెండోది ఆ శబ్దం ఏ హద్దు దాటకూడదో చెబుతుంది. రేడియోలో వార్తలు వినిపించడం లేదని ఆయన అన్న రాత్రి, అందరూ పడుకున్నాక, గడియారాల స్క్రూడ్రైవరుతో నేను ఆ రెండింటినీ తిప్పాను. రెండో మర దేనికో అప్పట్లో నాకు సరిగా తెలియదు, ఎవరినీ అడగనూ లేదు. పాత గుర్తులు ఎక్కడున్నాయో కాగితం మీద రాసుకోలేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో నా గొంతుతోనే పరీక్షించి, బాగుందనుకున్నాను.

తెల్లవారి ఆయన పెరట్లో కూర్చొని, పిచుకలు వినిపిస్తున్నాయిరా అన్నారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. పది గంటలకు వంటింట్లో ఇత్తడి బిందె జారి గచ్చు మీద పడింది. ఆయన చెవి గట్టిగా నొక్కుకొని ఉన్నచోటనే కూలబడ్డారు. కాసేపటికి మిషన్ తీసి, అందులోని సెల్లు వేరుచేసి, రెండింటినీ రుమాలులో చుట్టి నా చేతిలో పెట్టి, “బాబూ, దీనికంటే చెవుడే నయం” అన్నారు. మరను వెనక్కి తిప్పి ఎన్నిసార్లు బతిమాలినా మళ్లీ పెట్టుకోలేదు. ఆ తరువాత బతికిన ఆరేళ్లూ మేము ఆయనతో పలక మీద రాసి మాట్లాడాము. మీ అమ్మ పెళ్లి ముహూర్తం కూడా ఆ పలక మీదనే రాసి చూపించాను.

వినికిడి తగ్గిన చెవికి చిన్న శబ్దం అందదు కాని, పెద్ద శబ్దం మనకు తగిలినంత గట్టిగానూ తగులుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న ఇరుకు చోటులోనే మాటలన్నీ ఇమడాలి. అందుకని నీ సాఫ్ట్‌వేర్‌లో ఎంపీవో అని కనిపించే పై హద్దును మొదట చూడు, దాన్ని ఆడియాలజిస్టు పెట్టినదానికంటే ఒక్క డెసిబెల్ కూడా పెంచకు. కొలతలు ముందు కప్లర్‌లో, అంటే చెవికి బదులు మిషన్‌ను బిగించి కొలిచే చిన్న గదిలో తియ్యి, మీ అమ్మ చెవిలో కాదు. శబ్దాన్ని 50, 65, 80 డెసిబెల్స్ వద్ద వినిపించి మూడు గీతలు గీయి. చిన్న శబ్దానికి పెంపు ఎక్కువగా, పెద్దదానికి తక్కువగా ఉందో లేదో అందులో తెలుస్తుంది. ఆ పైన 90 వద్ద హద్దు ఎక్కడ ఆగుతున్నదో చూడు. అయితే రెండు మిల్లీలీటర్ల ఆ కప్లర్ చెవి కాదు. కర్ణభేరి ముందు మిగిలే చోటు అంతకంటే చిన్నది కనుక, పై పౌనఃపున్యాల్లో, అంటే సన్నని కీచు శబ్దాల్లో, శబ్దం అక్కడ ఐదు నుంచి పది డెసిబెల్స్ దాకా ఎక్కువ ఉండవచ్చు. చెవిలో దూరే మెత్తని మూత, అంటే డోమ్, చిల్లులున్నదైతే కింది పౌనఃపున్యాల శబ్దాలు బయటికి కారిపోతాయి, కప్లర్ గీతలో అది కనిపించదు. కర్ణభేరికి ఐదారు మిల్లీమీటర్ల దగ్గరి దాకా సన్నని గొట్టం పంపి తీసే కొలత ఇంకా నమ్మదగినది, కాని అది ఆడియాలజిస్టు చేతితోనే జరగాలి. ఈ ఒక్క విషయంలో నా మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను.

ఆడియోగ్రామ్‌లోని అంకెలను మైక్రోఫోన్ అంకెలతో నేరుగా పోల్చకు. మామూలు పరీక్ష హెడ్‌ఫోన్‌తో 250 హెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద ఆడియోగ్రామ్‌లోని సున్నా అంటే మైక్రోఫోన్ లెక్కలో ఇంచుమించు 25 డెసిబెల్స్, అదే 1000 హెర్ట్జ్ వద్ద 7 మాత్రమే.

మీ అమ్మకు పసుపు తెమ్మంటే పప్పు తెచ్చే రోజులు వచ్చాయి. తనకు అందనిది ‘స’కారం, అంటే పై పౌనఃపున్యాలు. అక్కడ రెండు మూడు డెసిబెల్స్ పెంచి రెండు వారాలు ఆగు, ఒకేసారి అన్నీ మార్చకు. నోటికి కాగితం అడ్డుపెట్టుకొని, రెండు గజాల దూరం నుంచి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని పలుకు. ఏది తప్పిందో రాసుకో, పలక మీద కాదు, పుస్తకంలో.

చివరి పరీక్ష వంటింటి శబ్దాలతో. పక్క గదిలో కుక్కర్ ఈల వేస్తుండగా, స్టీలు పళ్లాలు సర్దుతూ మీ అమ్మ ముఖమే చూస్తూ ఉండు. చెయ్యి చెవి మీదికి పోయిందంటే వెంటనే మిషన్ తీసి, పాత సెట్టింగు వేసి, నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ మామయ్య